చెమట చొక్కా

పెనుకొండ నుంచి హిందూపురం పోయేటప్పుడు పెద్ద రోడ్డు దిగి మట్టిబాట పట్టుకుంటే, ఒకప్పుడు పట్టుపురుగులు పెంచిన పొడవాటి రేకుల షెడ్డు ఒకటి వస్తుంది. ఇప్పుడు అందులో ఆరు గుర్రాలుంటాయి. గుర్రాలు బెంగళూరు వాళ్లవి, షెడ్డు ఓబులేసుది. వాటి లద్ది, దాణా, గిట్టలు, అలకలు, జలుబులు మాత్రం ఉలిగప్పవి.

ఓబులేసుకు గుర్రమంటే భయం. పట్టుగూళ్ల ధర పడిపోయినప్పుడు ఎవరో చెబితే, బెంగళూరు వాళ్ల గుర్రాలను నెలకింత అని పెట్టుకునే పని మొదలుపెట్టాడు గానీ, ఇన్నేళ్లలో ఒక్క గుర్రం మీద చెయ్యి వేసి ఎరగడు. షెడ్డు ముందు కారు ఆపి, అద్దం నాలుగు వేళ్లు దించి, "ఏమప్పా ఉలిగప్పా, అంతా బాగుండాయా?" అంటాడు. బాగున్నాయని వినగానే అద్దం ఎక్కించేస్తాడు.

ఉలిగప్పకు యాభై దగ్గర పడుతున్నాయి. భార్య రామక్క ధర్మవరంలో మగ్గం నేస్తుంది. పెనుకొండలో రైలెక్కితే పూట తిరక్కుండా ఇంటికి చేరే దూరం. అయినా ఉలిగప్ప ఇంట్లో పడుకుని ఎన్నేళ్లయిందో ఇద్దరూ లెక్క పెట్టడం మానేశారు. పండక్కి పొద్దున పోతాడు, మధ్యాహ్నానికి వెనక్కి వస్తాడు. సగం తిన్న తీపి ఓళిగ చేతిలో పట్టుకుని స్టేషనుకు పరుగెత్తే మనిషిగా ఆ వీధిలో అతనికి పేరు.

దీనంతటికీ కారణం మల్లి.

మల్లి ఒకప్పుడు పందేల్లో పరుగెత్తిన ఎర్రటి ఆడగుర్రం. కాగితాల్లో దాని పేరు ఇంగ్లీషులో మూడు ముక్కలుగా ఉంటుంది. ఉలిగప్ప మల్లి అన్నాడు, మల్లి అయింది. పందేలవాళ్లు వద్దనుకున్నాక బెంగళూరులో కంప్యూటరు ఉద్యోగం చేసే ఐశ్వర్య అనే అమ్మాయి దాన్ని జాలిపడి తీసుకుని ఇక్కడ పెట్టింది. వచ్చిన కొత్తలో మనిషి కనబడితే చాలు, చెవులు వెనక్కి అణిచి పళ్లు చూపించేది. ఉలిగప్ప దాని గదిలోనే ఒక మూల గోనెసంచి పరుచుకుని కూర్చునేవాడు. మాట్లాడడు, ముట్టుకోడు, కూర్చుంటాడంతే. అట్లా కూర్చోగా కూర్చోగా ఒకరోజు అది వచ్చి అతని చేతిలోంచి తిన్నది.

అప్పుడే ఇంకో ఇద్దరి చేత కూడా దాణా పెట్టించి అలవాటు చెయ్యాలి. గుర్రాలను మచ్చిక చేసే ఎవరైనా చేసే పని అదే. ఉలిగప్పకూ తెలుసు. కానీ ఓబులేసు వచ్చిన ప్రతివాడికీ కారు అద్దం సందులోంచి, "మా ఉలిగప్ప పెట్టకుంటే అది మూతి గూడా పెట్టదు" అని చెబుతుంటే వినడానికి బాగుండేది. ఆ బాగుండటం కోసం కొన్నాళ్లు ఊరుకున్నాడు. ఆ కొన్నాళ్లలో అది నిజమై కూర్చుంది.

ఒకసారి రొద్దంలో చిన్నాయన పోతే వెళ్లాడు. మల్లి ఆ రోజంతా దాణా ముట్టలేదు. ఖాళీ కడుపు గుర్రానికి మంచిది కాదు, పేగులు పట్టేస్తాయి. సాయంత్రానికి అది నేలమీద పడి దొర్లడం మొదలుపెట్టింది. డాక్టరు వచ్చాడు, ముక్కులోంచి గొట్టం వేశాడు, ఉలిగప్ప పాడె దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చాడు. తర్వాత ఓబులేసు సెలవు ఇవ్వననలేదు. "పోయిరాప్పా, నేనొద్దంటానా? అది సస్తే ఆ పాపకు నువ్వే చెప్పుకో," అన్నాడు. సెలవు లేదనడం కంటే అది గట్టిగా పనిచేసింది.

ఉలిగప్ప చేతులారా చేసుకున్నది ఇంకొకటి ఉంది. అది ఎవరికీ తెలియదు.

బెంగళూరు వాళ్లు ఆదివారాల్లో వస్తారు. వారమంతా చూడని మనిషిని గుర్రం ఎందుకు పట్టించుకుంటుంది? అది అటు తిరిగి నిలబడితే వాళ్ల మొహాలు చిన్నబోయేవి. పాపం అనిపించింది ఉలిగప్పకు. "గుర్రాన్ని తుడిచేకి, ఉతకని పాత చొక్కా ఒగటి ఇచ్చిపోండి" అని ఒక్కొక్కరి దగ్గరా అడిగి తీసుకున్నాడు. ఎవరి చొక్కా వాళ్ల గుర్రం గదిలో తగిలించి, రోజూ సాయంత్రం దాని జేబులోనో మడతలోనో బెల్లం ముక్క పెట్టేవాడు. ఇక ఆదివారం ఆ మనిషి రాగానే గుర్రం నేరుగా వచ్చి రొమ్ము మీద ముక్కు పెట్టి వాసన చూసేది. "చూశావా, నన్ను మర్చిపోలేదు!" అని ఫోటోలు తీసుకునేవాళ్లు. ఒక పెద్దాయన అయితే ఇంట్లో సొంత పిల్లలు కూడా ఇట్లా దగ్గరికి రారని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. అందరికీ ఉలిగప్ప చెయ్యి మంచిదన్న నమ్మకం కుదిరింది. మంచి చెయ్యిని ఎవరూ వదలరు. అతని మెడకు అదొక తాడు.

ఇట్లా ఉండగా రామక్క ఇల్లు కట్టింది. ధర్మవరంలో రెండు గదులు, ముందు గదిలో మగ్గం గుంత. ఉలిగప్ప ఆ ఇంటిని ఫోనులోనే చూశాడు. రామక్క ఫోను అడ్డదిడ్డంగా పట్టుకోవడం వల్ల కిటికీలు పైకప్పులో ఉన్నట్టు కనిపించేవి.

"ఏమయ్యా, అయ్యవారు ఈ శుక్రవారం గాక పైన శుక్రవారం పొద్దునకు ముహూర్తం పెట్టినాడు," అంది ఫోనులో. "వచ్చేకి అయితాదా, కాదా?"

"చూస్తాం లేమ్మే."

"చూసేదేమీ లేదు. పీటల మింద ఇద్దరం కూచోవల్ల. నువ్వు రాకుంటే నీ టవలు పీట మింద పెట్టి కానిచ్చేస్తా. నీ మొగుడు యాడికి పోయినాడని అడిగితే, గుర్రాన్ని మనువాడినాడని చెప్తా."

రామక్క ఉత్తినే అనదు. టవలు పెట్టిందంటే, ఆ తర్వాత ఆ ఇంట్లో తన చోటు ఆ టవలు ఆరేసినంత జాగానే అవుతుందని ఉలిగప్పకు బాగా తెలుసు. రెండు రోజులు దాణా కలుపుతూ ఆలోచించాడు. చొక్కా వాసనకు బెల్లం తినే గుర్రం, చొక్కా వాసనకు దాణా తినదా?

బావమరిది నాగరాజు హిందూపురంలో ఆటో తోలుతాడు. ఇంచుమించు ఉలిగప్ప అంత ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. విషయం చెబితే ముందు నవ్వాడు.

"నీ మాసిన చొక్కా నేనేసుకోవల్లనా బావా?"

"ఒగ పూట, నాగరాజా. మాట్లాడొద్దు, ఊరికే బక్కెట్టు పెట్టి కూచో."

మంచి ఎండాకాలం. ఉలిగప్ప ఒకే చొక్కా వారం పైగా విప్పలేదు. అందులోనే గడ్డి మోశాడు, అందులోనే గుర్రాలకు మాలీసు చేశాడు, అందులోనే పడుకున్నాడు. చివరికి ఓబులేసు కారు అద్దం దించడం కూడా మానేసి లోపల్నుంచే చెయ్యి ఊపేవాడు. ఆ చొక్కా నాగరాజుకు తొడిగి పరీక్ష చేస్తే, మల్లి కాలర్ దగ్గర చాలాసేపు మూతి పెట్టింది, అనుమానంగా ఒకసారి నాగరాజు చెవి వాసన చూసింది, తర్వాత బక్కెట్టులో తల పెట్టింది. ఉలిగప్ప గోడ చాటున నిలబడి చూశాడు. ఆనందమైంది. ఆనందం అడుగున ఎక్కడో, పాదరక్షలో ఇసుక రేణువులాగా ఇంకోటి కూడా తగిలింది గానీ పట్టించుకోలేదు.

గురువారం పొద్దున రామక్కే వచ్చేసింది, మొగుణ్ని నమ్మి రైలు ఎక్కించలేక. వస్తూ కొత్త పంచె, కొత్త చొక్కా, గంధం సబ్బు తెచ్చింది.

"పోయి నీళ్లు పోసుకో పో. ఏం కంపయ్యా ఇది! మనిషివేనా నువ్వు?"

ఉలిగప్ప బుద్ధిగా నీళ్ల తొట్టి దగ్గరికి పోయి ఒళ్లంతా రుద్దుకుని తలంటుకున్నాడు. అంతసేపూ రామక్క ఊరికే కూర్చోలేదు. కొత్త ఇంట్లో చేరే ముందు మొగుడు మాసిన బట్టలు వదిలి రావడమేమిటని, నాగరాజు కోసం ప్లాస్టిక్ కవరులో చుట్టి కొయ్యకు తగిలించిన చొక్కా తీసింది. అతని లుంగీ తీసింది, టవలు తీసింది, దుప్పటి తీసింది. గుర్రాల గదుల్లోకి తొంగిచూస్తే ఒక్కొక్క గదిలో ఒక్కొక్క చొక్కా, చీమలు పట్టి వేలాడుతోంది. ఛీ అనుకుని వాటినీ తీసింది. ఆరు గుర్రాలూ ఆమెనే చూశాయి గానీ ఏమీ అనలేకపోయాయి.

ఉలిగప్ప గంధం వాసనతో, అప్పుడే ఆటోలో దిగిన నాగరాజుతో తిరిగి వచ్చేసరికి తీగ మీద బట్టలు బారుగా ఆరుతున్నాయి. నీలిమందు కూడా పెట్టింది.

"మే," అన్నాడు ఉలిగప్ప. తీగ వైపు చెయ్యి చూపించాడు.

"ఏమైంది? సావు కబురు విన్నట్ల మొగం పెట్టినావే?"

విషయం విన్నాక రామక్క కాసేపు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నారు. నవ్వుతోంది. నవ్వడం అయ్యాక అంది, "నాకేం తెలుసయ్యా? మంది పెండ్లాలు బట్టలు ఉతకలేదని తిట్టిచ్చుకుంటారు. నేను ఉతికి తిట్టిచ్చుకోవల్లనా?"

ఉలిగప్ప తిట్టలేదు. షెడ్డు గుంజకు ఆనుకుని కూర్చుండిపోయాడు. సాయంత్రం రైలు. పొద్దున ముహూర్తం. ఒకవైపు పీట, ఒకవైపు బక్కెట్టు. అతను ఆ షెడ్డులో ఎన్నోసార్లు ఇరుక్కున్నాడు గానీ ఇంత శుభ్రంగా ఎప్పుడూ ఇరుక్కోలేదు.

నాగరాజే అన్నాడు, "చెమటే గదా బావా కావల్సింది? మళ్ల పట్టిద్దాం పా. సాయంత్రం వరకూ టైముండాది."

తడి చొక్కానే తొడిగారు. పైన ఒక స్వెట్టరు, దాని పైన గొర్రెబొచ్చు కంబళి కప్పి నడుము దగ్గర తాడుతో కట్టారు. గుర్రాలను తిప్పే ఇసుక బరిలో దింపి పరుగెత్తమన్నారు. రెండు చుట్లు పరుగెత్తి ఉలిగప్ప తిన్నగా చింతచెట్టు నీడలోకి పోయాడు. మళ్లీ దింపితే మళ్లీ అక్కడికే. దాంతో నాగరాజు, గుర్రాలను గుండ్రంగా తిప్పేటప్పుడు కట్టే పొడవాటి తాడు తెచ్చి నడుముకు ముడివేశాడు. రెండో చేత్తో కొరడా పట్టుకున్నాడు.

"అది యాలరా?"

"చేతిలో లేకుంటే బాగుండదు బావా. ఊ, దౌడు!"

మిట్టమధ్యాహ్నం ఎండలో ఉలిగప్ప కంబళి కప్పుకుని గుండ్రంగా పరుగెత్తుతున్నాడు. నాగరాజు నడుమ నిలబడి నాలుకతో 'టక్ టక్' అంటూ కొరడా గాలిలో ఊపుతున్నాడు. రామక్క చెంబుతో మజ్జిగ పట్టుకుని, "కాలు ఎత్తి వెయ్యయ్యా, ఈడ్చొద్దు," అంటోంది. సగం తలుపుల మీదుగా ఆరు తలలు బయటికొచ్చాయి. అతను ఎటు పోతే ఆరు తలలూ అటు తిరుగుతున్నాయి. సరిగ్గా అప్పుడు ఓబులేసు కారు వచ్చి ఆగింది.

అద్దం నాలుగు వేళ్లు దిగింది.

"ఏమప్పా ఉలిగప్పా," అన్నాడు ఆఖరికి, "అంతా బాగుండాయా?"

రెండో తలుపు తీసుకుని ఐశ్వర్య దిగింది. పుట్టినరోజని ఆఫీసుకు సెలవు పెట్టి, సోమవారం వరకూ ఓబులేసు తోట ఇంట్లో ఉండి మల్లితో గడపాలని క్యారెట్ల సంచితో వచ్చింది. వాళ్లమ్మది హిందూపురమే, తెలుగు బాగానే మాట్లాడుతుంది.

"అన్నా, ఏమైంది? ఏమైనా మొక్కుకున్నారా?"

ఉలిగప్ప ఆగాడు. మొక్కేనంటే సరిపోయేది. ఆ అమ్మాయే అందించిన అబద్ధం. కానీ రొప్పుతూ నోరు తెరిచేలోగా ఆమె చూపు బట్టల తీగ మీద పడింది.

"అది నా కాలేజీ టీషర్టు కదా?"

తీగ మీద ఆరు చొక్కాలు, ఆరుగురు యజమానులు, నీలిమందు పెట్టించుకుని గాలికి ఊగుతున్నారు. ఉలిగప్ప తన నడుముకున్న తాడు వైపు చూసుకున్నాడు. రెండో కొస నాగరాజు ఇంకా గట్టిగానే పట్టుకుని ఉన్నాడు. పారిపోవడానికి కూడా లేదు.

చెప్పేశాడు. ఇల్లు, ముహూర్తం, చెమట. చెమట గురించి చెప్పాక బెల్లం గురించి చెప్పక తప్పలేదు. ఓబులేసు కారు అద్దం మొత్తం దింపేసి విన్నాడు. ఐశ్వర్య మల్లి దగ్గరికి నడిచింది. మల్లి ఎప్పటిలాగే ఆమె రొమ్ము మీద ముక్కు పెట్టి, జేబు వెతికింది.

"అయితే ఇది నన్ను కాదు, బెల్లాన్ని వెతుకుతుందన్నమాట," అంది. "నేను మా ఫ్రెండ్సందరికీ చెప్పుకున్నా అన్నా."

ఉలిగప్ప కంబళిలోంచి చెమట కారుతుండగా దగ్గరికి వచ్చాడు. అబద్ధం చెప్పి ఓదార్చవచ్చు. ఆమె మొహం చూస్తే చేతకాలేదు.

"నీ వాసన వస్తే బెల్లం దొరుకుతాదని దానికి నమ్మకం పాపా. నా వాసన వస్తే దాణా దొరుకుతాదని నమ్మకం. నా చొక్కా నాగరాజు తొడుక్కుంటే వాడి దగ్గర గూడా తిన్నాది." పరీక్ష చేసిన రోజు నుంచీ పాదం కింద నలుగుతున్న ఇసుక రేణువు అప్పుడు పూర్తిగా గుచ్చుకుంది. "నన్నేం ప్రత్యేకంగా చూడలేదు. నేనే అనుకుంటి."

ఐశ్వర్య అతని వైపు చూసింది. నీలిమందు చొక్కా, స్వెట్టరు, కంబళి, తాడు. నవ్వు ఆపుకోలేకపోయింది.

"నన్ను ఉతకలేదు కదా అక్కా?" అంది రామక్కతో. "నా వాసన నా దగ్గరే ఉంది. నేను పెడతా దాణా. మీరు పోయి రండి అన్నా. సోమవారం వరకూ ఉండండి."

దారి తెరుచుకుంది. చిత్రమేమంటే, ఉలిగప్ప కాలు కదల్లేదు.

"దాణాకు ముందు నీళ్లు పెట్టల్ల పాపా."

"పెడతా."

"నీళ్లు సల్లగా ఉండకూడదు. గిట్టల్లో రాళ్లు చూడల్ల. లద్ది ఎత్తల్ల, నీతో అయితాదా? మిగతా ఐదూ ఉండాయి..."

"మిగతావి నా చేత గూడా తింటాయి బావా," అన్నాడు నాగరాజు. "వాటికి అన్నమే ముఖ్యం, మనిషి గాదు."

"దానికి ఎడమ చెవి పక్క గోకితే..."

"ఇంగ పాయ్యా!" అని రామక్క నాగరాజు చేతిలోంచి తాడు లాక్కుంది. ముడి విప్పే ఓపిక లేక, ఆ తాడుతోనే మొగుణ్ని నీళ్ల తొట్టి దాకా నడిపించుకుపోయింది.

పెనుకొండలో రైలెక్కారు. ఉలిగప్పకు కిటికీ పక్క సీటు దొరికింది గానీ బయటికి చూడలేదు. ఒళ్లో ఫోను పెట్టుకుని అది ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ కూర్చున్నాడు. మోగకపోతే దిగులు, మోగితే గుండెదడ.

పొద్దున కొత్త ఇంట్లో ఇద్దరూ పీటల మీద కూర్చున్నారు. కిటికీలు ఉండాల్సిన చోటే ఉన్నాయి. వీధిలో వాళ్లందరూ, పరుగెత్తకుండా కూర్చున్న ఉలిగప్పను వింతగా చూస్తున్నారు. అయ్యవారు మంత్రం ఎత్తుకోగానే పంచె మడతలో ఫోను గిలగిలలాడింది. రామక్క మోచేత్తో పొడిచింది. మళ్లీ గిలగిలలాడింది. ఉలిగప్ప అక్షింతలు పట్టుకున్న చేత్తోనే తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అన్నా, నీళ్లు తాగుతోంది. కానీ చాలా శబ్దం చేస్తోంది. అది మామూలేనా?"

"మామూలే పాపా. తాగినాక మూతి ఆడిస్తాండాదా?"

"గోత్రం చెప్పప్పా," అన్నాడు అయ్యవారు.

"ఎర్రది, ఎనిమిదేళ్లు..." అనేసి ఉలిగప్ప నాలుక కరుచుకున్నాడు. చుట్టాలు పగలబడి నవ్వారు. రామక్క తల వంచుకుని గోత్రం తనే చెప్పింది. పాలు పొంగాయి. పొంగిన పాలను చూసి అందరూ సంతోషిస్తుంటే, పెళ్లికొడుకులాగా ముస్తాబైన ఉలిగప్ప మాత్రం, దాణా వేళ దాటిపోతోందని గోడ గడియారం వైపు చూస్తున్నాడు. తలుపు దగ్గర చెప్పులు ఎటు తిరిగి ఉన్నాయో కూడా చూసుకున్నాడు. రైలు ఎప్పుడుందో అతనికి తెలుసు.

విస్తరి ముందు కూర్చున్నప్పుడు ఫోనుకు వీడియో వచ్చింది. ఐశ్వర్య జుట్టునిండా గడ్డి, బుగ్గ మీద బురద. పక్కన మల్లి బక్కెట్టులో తల పెట్టి కరకరా నములుతోంది. ఖాళీ బక్కెట్టు వరకూ మొత్తం తీసి పంపింది. ఉలిగప్ప చూశాడు. మళ్లీ చూశాడు. మూడోసారి చూస్తుంటే రామక్క పప్పు గరిటెతో వచ్చి నిలబడింది.

"తిన్నాదా?"

"చెవులు చూడు మే," అన్నాడు, ఫోను ఆమె మొహం దగ్గర పెట్టి. "కుడి చెవి చూడు. దానికి మనసు లేదు. పిల్ల నొచ్చుకుంటాదని తింటాండాది. మధ్యానం రైలుకు పోయి, ఒగసారి చూసి..."

రామక్క వీడియో చివరిదాకా చూసింది. మొగుడి మొహం కూడా అంతే శ్రద్ధగా చూసింది. ఫోను కట్టేసి తన బొడ్లో దోపుకుంది.

"అది కడుపునిండా తింటాండాదయ్యా," అంది, గొంతు తగ్గించి. "నువ్వు గూడా తిను."

ఉలిగప్ప పప్పు కలిపాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, "ఉప్పు తక్కువయింది," అన్నాడు.

"ఏం తక్కువ కాలే," అంది రామక్క, ఇంకో గరిటె వేస్తూ.